మహారాజుగారి పళ్ళ తీగ

బస్సు డిపోలో ఆమెను అందరూ హారనమ్మ అనేవారు. ఆమె నడిపే బస్సుకు హారన్ పనిచేయకపోయినా ఫరవాలేదని, కిటికీలోంచి ఒక్క కేక వేస్తే లారీలు కూడా పక్కకు తప్పుకుంటాయని తోటి డ్రైవర్లు చెప్పుకునేవారు. అంత గొంతున్న మనిషి నలభై దాటాక పళ్ళకు క్లిప్పులు వేయించుకుంది. ముందు పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయని చిన్నప్పటినుంచీ ఆమెకు బెంగ. తీరా క్లిప్పులు పడ్డాక, ఆ తీగలు పదిమందికీ కనపడతాయని ఇంకో బెంగ పట్టుకుంది. నవ్వొస్తే చాలు, మొహం పక్కకు తిప్పేసుకునేది.

అందుకే డిపో వార్షికోత్సవం నాటకంలో మహారాజు వేషం ఇస్తామనగానే ఎగిరి గంతేసింది. మహారాజుకు గుబురు మీసం, బొడ్డు దాకా గడ్డం. ఇక పళ్ళు చూసేదెవరు? ఆమె భర్త దర్జీ. నల్ల ఊలు తెచ్చి, పాయలు పాయలుగా కుట్టి, గొర్రె ఒకటి చుబుకానికి వేలాడుతోందా అన్నట్టు గడ్డం, దానికి తగ్గ మీసం తయారుచేశాడు. మంత్రి వేషం ఆయన చెల్లెలిది. ఆమె అదే డిపోలో కండక్టరు. వదినా మరదళ్ళది ఒకే బస్సు, ఒకే డ్యూటీ. పొద్దుట మొదలైన వేళాకోళం బస్సు షెడ్డు చేరేదాకా సాగేది.

నాటకం రాసింది డిపో మేనేజరు. పరమ విషాదం. క్రూరుడైన మహారాజు అమాయకుడైన ఖైదీకి ఉరిశిక్ష వేస్తాడు, ఖైదీ రాళ్ళు కరిగేలా మాట్లాడి ప్రాణాలు వదులుతాడు. చూసినవాళ్ళెవరూ పొడి కళ్ళతో ఇంటికి వెళ్ళకూడదని మేనేజరు పట్టుదల. ముందు వరసవాళ్ళకు చేతిరుమాళ్ళు కూడా పంచాడు. ఖైదీ వేషం మెకానిక్కుది. చావడం కోసం ఆయన నెలల తరబడి సాధన చేశాడు. బస్సు కింద పడుకుని బోల్టులు బిగిస్తూ కూడా మూలిగేవాడు.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం హాలు కిక్కిరిసిపోయింది. దర్బారు సీను మొదలైంది. ఖైదీ క్షమించమని వేడుకోగానే మహారాజు వికటాట్టహాసం చేయాలి. హారనమ్మ నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ పీల్చడంలో మీసం సగం లోపలికి పోయింది. అది తెలియక విరగబడి నవ్వి, తల ఒక్క ఊపు ఊపింది. నోట్లో టక్కుమంది. కోరపన్ను మీద అతికించిన క్లిప్పు బిళ్ళ ఊడి, తీగ మీద గిర్రున తిరిగి, ఊలునంతా చుట్టేసుకుంది. తీగ వెనక కొస దాని చోటులోంచి జారి బుగ్గలో గుచ్చుకుంది. మాట్లాడదామంటే మీసం లాగుతుంది, మీసం లాగితే తీగ గుచ్చుతుంది.

"ఊఁ" అంది మహారాజు.

తెర పక్కనుంచి మాటలు అందిస్తున్న భర్త, పాపం మర్చిపోయిందనుకుని, వీణ్ణి ఉరితీయండి అని గుసగుసగా అందించాడు. ఆమె గుడ్లురిమింది. ఆయన ఇంకాస్త గట్టిగా అందించాడు. చివరికి ఆయన అరిచిన అరుపు వెనక వరసకు కూడా వినపడింది కానీ, మహారాజు మాత్రం ఊఁ దాటి ముందుకు పోలేదు.

మరదలికి విషయం అర్థమైంది. వదిన కళ్ళలో నీళ్ళు, నోట్లో ఊలు. ముందుకొచ్చి సభకు దండం పెట్టింది.

"ప్రభువులు ఇవాళ మౌనవ్రతంలో ఉన్నారు. వారి ఊఁకు అర్థం నేను చెబుతాను."

తెర వేయించవే అన్నట్టు మహారాజు చెయ్యి ఆడించి ఊఁ అంది. ప్రభువులకు ఆకలవుతోందని మంత్రి ప్రకటించింది. హాలు గొల్లుమంది. మహారాజు పళ్ళు కొరకబోయి, కొరకలేక, ఇంకో ఊఁ అంది. సీను ఎలాగోలా ముగించేయాలని, ఖైదీని వదిలేసి ఇంటికి పంపమంటున్నారని చెప్పేసింది మంత్రి.

ఖైదీ కదల్లేదు. మోకాళ్ళ మీద దేక్కుంటూ వచ్చి సింహాసనం కాలు వాటేసుకున్నాడు.

"అలా కుదరదు ప్రభూ. నేను చావాలి."

మంత్రి వెళ్ళమంది. చచ్చాకే వెళ్తానన్నాడు. భటులు వచ్చి చెరో రెక్కా పట్టుకుని లాగితే సింహాసనం కూడా వెంటవచ్చింది, దానిమీద ఊఁ ఊఁ అంటూ మహారాజు. ముందు వరసవాళ్ళు చేతిరుమాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు. మేనేజరు తల పట్టుకున్నాడు. తెర పడింది.

లోపల గందరగోళం. భర్త మీసం పట్టుకుని లాగబోయి చేతిమీద ఒక్కటి తిన్నాడు. మెకానిక్ సంకెళ్ళతోనే షెడ్డుకు పరిగెత్తి, బ్యాటరీ కేబుళ్ళు కత్తిరించే కటింగ్ ప్లయర్ తెచ్చి, తీగ ఒక్క నొక్కుతో తెంపేస్తానన్నాడు. ఈలోగా మరదలు పళ్ళ డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. మహారాజుగారి మీసం క్లిప్పుల్లో ఇరుక్కుందని చెబితే, పేషెంటు మీ వదినే కదా అని డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ అడిగింది. ఊపిరి ఆడుతోందా, రక్తం ఆగకుండా కారుతోందా, ఏదైనా మింగిందా అని కనుక్కుంది. అలాంటిదేమీ లేదని తెలిశాక నెమ్మదిగా చెప్పింది.

"కంగారు పడకండి. ఎవరూ ఏదీ లాగొద్దు. ఆ ప్లయరాయన్ని కాస్త దూరంగా నిలబెట్టండి. కత్తిరించాల్సింది తీగను కాదు, మీసాన్ని."

దర్జీ చేతులు కడుక్కుని, చిన్న కత్తెరతో పెదవి పక్కగా మీసాన్నీ, దాంతో పెనవేసుకున్న గడ్డాన్నీ కత్తిరించాడు. మేకప్ పెట్టెలోని పట్టకారు కడిగి, చిక్కుకున్న పోగులు ఒక్కొక్కటే తీశాడు. ఊడిన బిళ్ళను తీగమీదే ఉండనివ్వమంది డాక్టరమ్మ. పెన్సిల్ వెనక రబ్బరును శుభ్రంగా తుడిచి, దాంతో తీగ కొసను మెల్లగా పన్నువైపు నెట్టమంది. నెట్టాడు. ఇక దానిమీద మైనం పెట్టాలి. క్లిప్పులు వేసినప్పుడు ఇచ్చిన మైనం డబ్బీ బస్సులో, డ్రైవరు సీటు దగ్గరుంది.

మరదలు తలపాగా, కత్తితోనే పరిగెత్తింది. స్టాండులో కాచుకుని ఉన్న జనం మంత్రి బస్సెక్కడం చూసి, బండి కదులుతుందేమోనని వెనకే ఎక్కి కూర్చున్నారు. ఒకాయన టికెట్టు కూడా అడిగాడు. వాళ్ళందర్నీ దింపి వచ్చేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

శనగగింజంత మైనం ఉండచేసి తీగ కొసమీద, ఊడిన బిళ్ళమీద అద్దారు. పోటు చప్పున తగ్గింది. పొద్దున్నే క్లినిక్కుకు రమ్మని, అందాకా గట్టివేవీ కొరకొద్దని చెప్పింది డాక్టరమ్మ. ఫోన్ మాత్రం పెట్టలేదు. తర్వాతి సీను తనూ వింటానంది.

మీసం పోయింది. గడ్డం సగమే మిగిలింది. శాలువాతో మూతి కప్పుకోమన్నాడు భర్త. హారనమ్మ అద్దంలో చూసుకుని, మిగిలిన ఊలు కూడా పీకేసింది.

"పోనీలెండి. చూస్తే చూస్తారు."

తెర లేచింది. మౌనవ్రతం ముగిసిందని, ఆ సంతోషంలో గడ్డం తీయించేశామని మహారాజు తన అసలు గొంతుతో ప్రకటించింది. ఖైదీని పిలిపించి, శిక్ష రద్దు చేసి, పైగా అర్ధరాజ్యం ఇచ్చేసింది. మెకానిక్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఇంత ఆనందం ఈ గుండె తట్టుకోలేదు ప్రభూ అంటూ కుప్పకూలాడు. చాలాసేపు చచ్చాడు. చప్పట్లు కొడితే లేచి మళ్ళీ చచ్చాడు. హారనమ్మ ఆపుకోలేక హాలువైపు తిరిగి పగలబడి నవ్వింది. దీపాల వెలుగులో క్లిప్పులన్నీ తళతళలాడాయి. ఎవరూ వాటిని వింతగా చూడలేదు. నవ్వడానికే వాళ్ళకు ఊపిరి చాలలేదు.

నాటకం అయ్యాక జనం మేనేజరు చుట్టూ మూగి, ఇంత హాస్యం ఎలా రాశారండీ అని చేతులు ఊపేశారు. మొదట ఆయన తెల్లమొహం వేశాడు. కాసేపటికి, ఏడిపించడం ఎవరైనా చేస్తారు, నవ్వించడమే కష్టమండీ అని చెప్పడం వినపడింది.

మర్నాడు డాక్టరమ్మ బిళ్ళ అతికించి, కొత్త తీగ వేసింది. మధ్యలో నవ్వొచ్చి పనిముట్లు కిందపెట్టాల్సి వచ్చింది. చివర్లో, బిళ్ళలకు చుట్టే రబ్బరు రింగుల పెట్టె తెరిచి, ఎప్పటిలాగే కనపడని రంగే కదా అంది. హారనమ్మ పెట్టెలోకి తొంగిచూసి, అన్నిటికన్నా ఎర్రటివి ఏరుకుంది.