పర్మిషన్ ఇచ్చిన బేరం

టేకులపల్లి అడవి అంచున ఊళ్ల సరుకు కొని అమ్మే వ్యాపారం మొదలుపెట్టినప్పుడు దూలయ్య చేతిలో ఉన్న పెట్టుబడి రెండే: ఒక పాత ట్రాలీ ఆటో, పదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషు. ఆటో కంటే ఇంగ్లీషునే ఎక్కువ తుడిచి మెరుగుపెట్టేవాడు.

ఆ వేసవిలో, అడ్డాకు విస్తర్లు కుట్టే ఎర్రమ్మ వాకిట్లో నిలబడి విస్తర్లు కొనే హైదరాబాద్ కంపెనీ సారుతో ఫోన్లో మాట్లాడాడు.

"వియ్ మే టేక్ ఆల్," అన్నాడు సారు.

దూలయ్య ఛాతీ పొంగింది. బడి గుమ్మంలో నిలబడి "మే ఐ కమిన్ సార్" అని ఎన్నిసార్లు అడగలేదు! మే అంటే పర్మిషన్.

"ఎస్ సార్, టేక్, టేక్!" అని దర్జాగా ఒప్పుకున్నాడు.

"ఏమంటుండు దూలన్నా?" అంది ఎర్రమ్మ.

"అంత పెద్దసారు, సరుకంతా తీస్కపోవచ్చా అని నన్ను అడుగుతుండు. తీస్కపొమ్మన్న. సంతల ఎవ్వలికీ అమ్మకు చెల్లె."

వానాకాలం తిండిగింజలన్నీ ఆ విస్తర్ల మీదే. అయినా ఎర్రమ్మ సంత బేరగాణ్ని వాకిట్లోంచే పంపేసింది.

వాన వచ్చింది, సారు రాలేదు. ఫోన్ చేస్తే, "తీసుకుంటామేమో అన్నాను. తప్పక తీసుకుంటామని ఎప్పుడన్నాను?" అని పెట్టేశాడు.

కొత్తగూడెంలో ఇంగ్లీషు టీచరుగా ఉన్న కూతురు సరితను అడిగాడు. ఆమెకు నవ్వు ఆగలేదు.

"ఆయన నిన్ను అడగలే నాయినా. తీసుకుంటె తీసుకుంటం, లేకుంటె లేదన్నడు. అసలు పాత ఇంగ్లీషుల మే అంటే బలముండుడు. బలాన్ని మైట్ అంటరు గద, రెండిటికీ ఒక్కటే వేరు. పర్మిషన్ అనుడు, ఏమో అనుడు తర్వాత వచ్చిన అర్థాలు."

"అయితే బలం ఆయనదేనా?"

"అవ్. నువ్వేమో ఆయనకే పర్మిషన్ ఇచ్చినవ్!"

దూలయ్యకు నవ్వు రాలేదు.

ఎర్రమ్మ కట్టలు విప్పి చూపించింది. సగానికి పైగా బూజు.

"సారు ఎప్పుడొస్తడన్నా?"

"రాడు చెల్లె. ఆయన తప్పు గాదు. ఆ మాట నాకే సమజ్ గాలే."

"సమజ్ గాకుంటె మల్ల అడగకపోతివి?"

"నువ్వు చూస్తుంటివి గద. సిగ్గనిపించింది."

"ఇప్పుడు లేదా సిగ్గు?"

దూలయ్య మంచి కట్టలు భద్రాచలం హోటళ్లకు తిప్పి అమ్మి, ఆ డబ్బు ఎర్రమ్మకిచ్చాడు. బూజు పట్టినవాటికి బదులు తన ఇంటి బియ్యం తెచ్చి ఆమె అరుగు మీద దింపాడు. ఎర్రమ్మ కూర్చోమనలేదు. మరుసటి వేసవి విస్తర్లను సంతకే మోసుకెళ్లింది.

మొత్తం మీద దూలయ్యకు మిగిలిన లాభం ఒకటే: నలుగురి ముందు "అంటే ఏంది సార్?" అని అడగడం వచ్చింది.