పన్నెండో బ్లాకు పైభాగం

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చూడని సర్క్యులర్ లేదు. డీజిల్ పొదుపు చెయ్యమని ఒకటి, కూలీలను చిరునవ్వుతో పలకరించమని ఒకటి, కంప్యూటరు నేర్చుకోమని ఇంకొకటి. ఆ కంప్యూటరు వచ్చి రెండేళ్ళయినా అట్టపెట్టెలోనే ఉంది. 2003 మే నెలలో వచ్చినదాని పేరు జీవవైవిధ్యం. ఉద్యోగులందరూ తమ ఇళ్ళలోనూ, ఊళ్ళలోనూ రకరకాల మొక్కలను కాపాడి, పెంచి, ఆ వివరాలు ఫారంలో నింపి పంపాలని విశాఖపట్నం హెడ్డాఫీసు వారి కోరిక. హెడ్డాఫీసు కోరిక అంటే ఏమిటో ఉద్యోగం చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మాది అరకు దాటాక కొండల్లో ఒక కాఫీ తోటల సంస్థ. అక్కడి ఆఫీసులో నేను హెడ్ క్లర్కుని, పేరు నాగమణి. మోకాళ్ళు రెండూ అరిగిపోయి, కింద ఎక్కడికైనా బదిలీ చెయ్యమని మూడు దరఖాస్తులు పెట్టుకుని కూర్చున్నదాన్ని. ఫారాలు పంచితే ఎవరికి వాళ్ళు ఖాళీగానే తెచ్చి నా బల్లమీద పడేసి పోయారు. స్టోర్సు చూసే వెంకటరమణ క్వార్టరు ముందు రెండు క్రోటన్లు, ఒక తులసి. నాకైతే డాల్డా డబ్బాలో కనకాంబరం, పెరట్లో కరివేపాకు.

"ఏవో పది పేర్లు రాసీయండి మేడమ్. ఎవడొచ్చి సూత్తాడు?" అన్నాడు వెంకటరమణ.

మా మేనేజరు శివకుమార్‌కి మాత్రం ఇది చాలా ముఖ్యం. ముప్పై ఏళ్ళవాడు, విశాఖ పోవాలన్న తొందర. "మన ఆఫీసు ఫస్టు రావాలి మేడమ్," అని పూటకోసారి నా బల్ల దగ్గర నిలబడేవాడు.

ఒక మధ్యాహ్నం టీ తెచ్చిన సుక్రుని ఊరికే అడిగాను. సుక్రు పైఊరి మనిషి. మా ఆఫీసులో పదిహేనేళ్ళుగా రోజుకూలీ మీద అటెండరు పని చేస్తున్నాడు. పర్మనెంటు అవుతుందని పదిహేనేళ్ళుగా చెబుతున్నాం.

"మీ ఇంట్లో ఏమేం పండిస్తారయ్యా?"

"శానా ఉన్నాయమ్మా. మా ఇంటిదాన్ని అడగాల. ఇత్తనాల సంగతి ఆడోళ్ళదే."

మర్నాడు అతని భార్య ఈశ్వరమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. గంపలో ఎండిన ఆనప బుర్రలు, మూతులకు గుడ్డలు కుక్కి ఉన్నాయి. విత్తనాలు దాచుకునేది వాటిలోనే. ఒక్కో బుర్రలోంచి చిటికెడు తీసి నా బల్లమీద వరసగా పోసుకుంటూ పోయింది. సామలు, కొర్రలు, చోళ్ళు, ఊదలు, వలిసెలు, మూడు రకాల కందులు, నల్ల బొబ్బర్లు, తెల్ల బొబ్బర్లు.

"ఇది పెద్ద సామ. ఇది సిన్న సామ, బేగి పండుతాది. వాన ఎగ్గొడితే పెద్దది పోద్ది, సిన్నది బతుకుతాది," అంది.

"దేనికదే వేరువేరుగా వేస్తారా?"

"నేదమ్మా, అన్నీ కలిపి సల్లుతాం. ఒకటి సూడకపోతే ఇంకోటి మమ్మల్ని సూత్తాది."

"ఈ నల్ల కందులు సంతలో దొరుకుతాయా?"

ఆమె నవ్వింది. "సంతలో ఏటి దొరుకుతాదమ్మా? ఇవి మా అత్త ఇచ్చినాది. ఆయమ్మకి ఆయమ్మ అత్త ఇచ్చింది. పోగొట్టుకున్నామంటే మళ్ళీ ఇచ్చేవోళ్ళు నేరు."

చెట్లూ దుంపలూ కలుపుకుంటే నలభై ఏడు పేర్లయ్యాయి. అబద్ధం ఎందుకు, ఆ పూట నాకు మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. ఒక ఫారం నింపుతూ విసుగు పుట్టకపోవడం ఎన్నేళ్ళ తర్వాతో! వెనక కాగితం అంటించి మరీ రాశాను.

ఆఖర్న ఒక గడి మిగిలింది. సాగు చేస్తున్న స్థలం.

"పైనమ్మా. గెడ్డ దాటి, జీలుగు సెట్లకాడ," అన్నాడు సుక్రు.

జీలుగు చెట్ల దగ్గర అని హెడ్డాఫీసుకు రాస్తే ఫారం తిరిగొస్తుంది. గడి ఖాళీగా వదిలినా తిరిగొస్తుంది. నేను బీరువాలోంచి తోటల మ్యాపు తీసి బల్లమీద పరిచాను. గెడ్డ, అదే కొండవాగు, వంపు తిరిగే చోటు చూపిస్తే సుక్రు తన చేను ఎక్కడో వేలుపెట్టి చూపించాడు. "పన్నెండో బ్లాకు పైభాగం, సుమారు రెండెకరాలు, తాతల నాటి నుంచి" అని నా గుండ్రటి దస్తూరీలో రాశాను. సుక్రు వేలిముద్ర వేశాడు.

"ఇది పంపితే పర్మనెంటు సేత్తారా అమ్మా?"

"మంచి పేరైతే వస్తుంది," అన్నాను.

సంస్థ కాఫీ వేసింది పదకొండో బ్లాకు దాకానే. పన్నెండోది కూడా సంస్థ లీజులోనే ఉంది, కానీ ఇంకా సంస్థవాళ్ళెవరూ అటు పోలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశానంటే అబద్ధం, తెలియక రాశానన్నా అబద్ధమే. గడి ఖాళీగా ఉండకూడదు, నా బుర్రలో ఉన్నది అంతే.

జూలైలో మా ఆఫీసుకు ఫస్టు ప్రైజు వచ్చింది. విశాఖలో సుక్రుకు శాలువా కప్పారు. ఘాటు రోడ్డులో బస్సు పడక వాంతులు చేసుకుంటూ తిరిగొచ్చాడు. సర్టిఫికెట్టు అద్దం కట్టించి శివకుమార్ తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు.

ఆగస్టులో హెడ్డాఫీసు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. సంస్థ లీజు భూమిలో రెండెకరాలు ఆక్రమణలో ఉన్నట్టు ఒక కార్మికుడే వేలిముద్ర వేసి ఒప్పుకున్నాడు కనుక, వెంటనే స్వాధీనం చేసుకుని, కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ మొక్కలు నాటించాలి. జీవవైవిధ్య కార్యక్రమంలో భాగంగా ఉద్యోగులందరూ పాల్గొనాలి. ఫొటోలు పంపాలి.

ఉత్తరం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను.

"బ్లాకు నంబరు నేను తప్పు రాశాను సార్. పన్నెండు కాదు."

"మరి ఎంత?"

నాకు వెంటనే అబద్ధం తోచలేదు. జీవితమంతా ఫైళ్ళు సరిగ్గా పెట్టుకుంటూ వచ్చిన మనిషికి అంత అవసరంలో ఒక్క అబద్ధం కుదరలేదు.

"మీరే రాశారు కదా మేడమ్," అన్నాడు శివకుమార్ మెల్లగా. అతను చెడ్డవాడేం కాదు. తల దించుకునే అన్నాడు.

"పంట చేతికొచ్చేదాకా ఆగమనండి. రెండు మూడు నెలలు."

"వానలుండగానే నాటాలట. నేను అడిగాను, ఒప్పుకోలేదు."

అతను నిజంగా అడిగాడో లేదో నేను అడగలేదు. అడిగే ఓపిక లేదు. ఆ సంగతి తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

నాటే రోజు పొద్దున్నే జీపులో బయల్దేరాం, గెడ్డ దాకా జీపు, పైన నడక. మోకాళ్ళు పట్టుకుని ఎక్కేసరికి పది దాటింది. చేను నడుమెత్తు ఉంది. సామ వెన్నులు వంగి పచ్చగా ఉన్నాయి, వాటి సందుల్లో చోడి, కింద బొబ్బర తీగ, మధ్యమధ్య కంది. గుంతలు తవ్వే కూలీల్లో సుక్రు కూడా ఉన్నాడు. ఆ రోజు పని అదే మరి. తన చేనులో తాడు పట్టి, కొలిచి, వరస తప్పకుండా తవ్వుతున్నాడు. నాకేసి చూడలేదు.

ఈశ్వరమ్మ గుంతలు తవ్వేవాళ్ళకు ముందు ముందు నడుస్తూ సామ వెన్నులు తుంచి ఒడిలో వేసుకుంటోంది. దగ్గరికి వెళ్ళాను. ఒక వెన్ను అరచేతిలో నలిపి చూపించింది. పాలు కారాయి.

"ముదరనేదమ్మా. కూటికీ రాదు, ఇత్తనానికీ రాదు."

"బుర్రల్లో ఇంకా ఉన్నాయి కదూ?"

"అన్నీ సల్లీసినాం. మంచి పేరొత్తాదన్నారని ఈయేడు ఒక్క గింజ కూడా ఉంచనేదు."

క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే ఆమె ఏదో ఒకటి అనాల్సి వస్తుంది, ఆ భారం కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుంది.

"మేడమ్, మీదొక్క ఫొటో మిగిలింది," అని పిలిచాడు వెంకటరమణ. నా చేతికి సంచి మొక్క ఇచ్చారు. గుంత పక్కన ఎలాగో చతికిలబడి, ప్లాస్టిక్ సంచి చింపి, మొక్కను గుంతలోకి దించి మట్టి తోశాను. ఫొటో తీసుకుని వాళ్ళు పై వరసకు వెళ్ళిపోయారు.

"అలా కాదమ్మా."

ఈశ్వరమ్మ నా పక్కన కూర్చుని ఉంది. ఒడిలో పచ్చి వెన్నులు అలాగే ఉన్నాయి. నేను నాటిన మొక్కను రెండు చేతులతో పైకి తీసి, మెలిపడిన వేళ్ళు సాపు చేసింది.

"ఏరు మడతపడితే సచ్చిపోద్ది," అని మళ్ళీ నిటారుగా దించి, మట్టి కొంచెం కొంచెంగా వేసి, చుట్టూ చేత్తో గట్టిగా అదిమింది. తర్వాత పక్క గుంతలో వెంకటరమణ నాటిన మొక్క చూసి, దాన్నీ పైకి తీసింది.