ప్రార్థనవేళ స్విచ్చి

ప్రార్థన మొదలయ్యే ముందు ఇంట్లో మోగేవన్నీ నోరు మూసుకోవాలి. నర్సీపట్నంలో ఎస్తర్ రాణి గారింట ఇది చట్టం. ఆ సాయంత్రం కూడా ఆవిడ చాపలు పరిచి, కంప్యూటర్ స్విచ్చి టక్కున ఆపేసింది. లోపల కొత్త విండోస్ సగం ఎక్కి ఉందని, ఆపొద్దని తెరమీద రాసుందని ఆవిడకేం తెలుసు!

కోడలు పరిమళ వంటింట్లోంచి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. భర్త కిరణ్ బాబు పోయి ఏడాది. ఇవాళే జ్ఞాపకార్థ కూడిక. అతను పాడిన పాట ఒక్కటే మిగిలింది, అదీ ఆ డబ్బాలోనే. ఇంకెక్కడా కాపీ లేదు. పాట మధ్యమధ్యలో ఆగిపోతోందని, కొత్తది ఎక్కిస్తే బాగుపడుతుందని తనే నొక్కింది. ఏం పోయేకాలమో, ఈవేళే నొక్కాలా!

ఆన్ చేసింది. నీలం తెర. మళ్ళీ చేసింది. మళ్ళీ నీలమే. కంప్యూటర్లు బాగుచేసే శ్యాంబాబుకి ఫోన్ చేసింది. అతనేమో ఊళ్ళో లేడు, మాకవరపాలెంలో ఉన్నాడు.

"ఏటైనాదొదినా? ఏడవకు, సెప్పు. ముందు ప్రింటరు, పెన్‌డ్రైవు అన్నీ పీకీ."

"పీకీసేనయ్యా. ఇప్పుడు తెరమీద అన్నీ తుడిచేయమంటావా అని అడుగుతోంది!"

"బాబోయ్, అది ముట్టుకోకు! పాత విండోస్‌కి ఎనక్కెళ్ళే ఆప్షనుంటాది, అది నొక్కు. మళ్ళీ కరెంటాగిందా, ఇక నావల్ల కాదు."

నొక్కింది. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. జనం వచ్చేశారు. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ప్రభువా, ఆ గొంతు కూడా తీసుకుపోకయ్యా అని ఏడ్చింది పరిమళ.

అత్తగారు స్విచ్చిబోర్డు దగ్గరికి నడిచింది. "ఏటే, ఇంకా ఎలుగుతోందేటి? ప్రార్థనవేళైంది."

పరిమళ అడ్డం పడింది. "అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను! అందులో ఆయన పాటుంది. ఇందాక మీరాపీసినప్పుడే పాడైంది."

పెద్దావిడ ముఖం పాలిపోయింది. "నా సేతుల్తోనా?" అంది. స్విచ్చి మీద అరచెయ్యి కప్పి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ప్రార్థనంతా అక్కడే నిలబడింది. అందరూ ఆమెన్ అన్నా చెయ్యి తియ్యలేదు.

అప్పుడొచ్చింది తెరమీదికి పాత విండోస్ బొమ్మ. పరిమళ వెతికి, పాట మీద నొక్కింది. ముందు గరగర. తర్వాత పాట కాదు, కిరణ్ బాబు కేక.

"అమ్మా, సుచ్చి ఆపకే! రికార్డవుతోంది!"



"ఆపన్రా నాయినా," అంది ఎస్తర్ రాణి, చెయ్యి అక్కడే ఉంచి. "ఇంక ఆపన్రా."