అరవై శాతం

మా వాడికి నలభై రెండు శాతం వచ్చింది. పరీక్షలో కాదు, వైకల్యంలో. ఏడవాలో నవ్వాలో తెలియక ఆసుపత్రి వరండాలో నిలబడి ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. మూడేళ్ల కిందట అరవై ఎనిమిది ఉండేది. అంటే బాగుపడ్డాడన్నమాట. బాగుపడ్డాడు కాబట్టి బడిలో వాడి పక్కన కూర్చునే తోడు టీచరును తీసేస్తారు. అరవై, ఆపైన వచ్చినవాళ్లకే తోడు. ఆమె లేకపోతే వాణ్ణి ఉంచుకోలేమని హెడ్మాస్టరుగారు ముందే చెప్పేశారు. ఆయన మర్యాదస్తుడు, మెడపట్టి గెంటే రకం కాదు. గేటు దాకా వచ్చి నవ్వుతూ సాగనంపుతాడు.

వాడికి పదమూడేళ్లు. ఆటిజం అని మూడో ఏట చెప్పారు. మా అమ్మ వాణ్ణి ఇన్‌స్పెక్టరుగారూ అని పిలిచేది. ఇంట్లోకి రాగానే చెప్పులు వరసలో ఉన్నాయా, కుళాయిలు సరిగ్గా కట్టారా అని తనిఖీ చేసిగాని కూర్చోడు. వాడి బాధంతా చప్పుళ్లతోనే. మిక్సీ తిరిగినా, పక్కింటివాళ్లు గోడకు మేకు కొట్టినా నేల మీద పడి దొర్లేవాడు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. "నాన్నా, చప్పుడొస్తుంది, ఐదు లెక్కపెట్టు" అని చెప్పి, వాడితో కలిసి ఐదు లెక్కపెట్టి, వాడు చెవులు మూసుకున్నాకే స్విచ్చి వేసేదాన్ని. ఏడేళ్లలో ఒక్కసారి కూడా చెప్పకుండా వెయ్యలేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా లెక్కపెట్టాను. అమ్మ చెప్పకుండా చప్పుడు రాదని వాడికి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే బడి గేటు దాటాడు.

ఆ నలభై రెండు నేను చేజేతులా తెచ్చుకున్నదే. బడాయి. పరీక్ష రోజున వాడికి తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసి, పెళ్లిచూపులకు తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాను. డాక్టరమ్మ పేరడిగితే చెప్పాడు. ఇల్లెక్కడంటే చెప్పాడు. చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టమంటే పెట్టాడు. ఒక్కో గుండీ నేర్పడానికి నాకు నెల పట్టింది. నేను కుర్చీలో కూర్చుని మురిసిపోతున్నాను, ఆవిడ ఒక్కో గుండీకి మార్కులు కోసేస్తోంది.

నాది ఆసుపత్రి ఎదురుగా జిరాక్సు షాపు. రోజూ ఈ కాగితాలకే కాపీలు తీస్తాను. అరవై వచ్చినవాళ్లు నాలుగు కాపీలు తీయించుకుని హుషారుగా వెళ్తారు. యాభై తొమ్మిది వచ్చినవాళ్లు కాసేపు నిలబడి, ఆ తొమ్మిదిని ఏమైనా చెయ్యగలరా అని నసుగుతారు. ఇన్నాళ్లూ వాళ్లని చూసి లోలోపల నవ్వుకున్నాను. గోతిలో పడ్డాకగాని లోతు తెలియదు.

మళ్లీ పరీక్షించమని అర్జీ పెట్టాను. దానికి తేదీ ఇచ్చారు. ఆ వారమంతా వాడికి పాఠం చెప్పాను. "డాక్టరమ్మ పేరడిగితే చెప్పకు నాన్నా. ఊరికే కూర్చో."

"నాకు వచ్చు కదా" అన్నాడు.

"వచ్చులే. ఆ ఒక్క రోజూ రానట్టు ఉండాలి."

"వచ్చు కదా" అని మళ్లీ అన్నాడు. గుండీలు విప్పి పెట్టి చూపించాడు. రానట్టు ఉండటమనేది వాడి బుర్రకు ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది, ఏడేళ్లు నేను నేర్పింది దానికి తలకిందులు కదా.

పరీక్ష రోజు వరండాలో నా పక్కన ఒకావిడ తన కూతురితో కూర్చుంది. పిల్లకు పదిహేనేళ్లుంటాయి, మూర్ఛ. "ఆఫీసరు ముందు రమ్మంటే ఫిట్లు వస్తాయా వదినా? అందుకే ఇంట్లో వచ్చినప్పుడు ఫోన్లో తీసి పెట్టుకున్నా. దీనికి సిగ్గే. దీన్ని పట్టుకోవడం మానేసి ఫోను పట్టుకున్నానని నాతో మాట్లాడ్డం లేదు" అంది. పిల్ల గోడకేసి చూస్తోంది. తర్వాత మా వాణ్ణి ఎగాదిగా చూసి, "మీ వాడికి ఏది పడదో మీకు తెలీదా ఏంటి" అంది.

తెలుసు. నాకు కాక ఎవరికి తెలుసు. ఫోన్లో అగ్నిమాపక బండి కూత వెతికి, చప్పుడు చివరిదాకా పెంచి సంచిలో పెట్టుకున్నాను. వాడి ముందే పెట్టాను.

లోపల మళ్లీ అదే డాక్టరమ్మ, అవే ప్రశ్నలు. పేరు చెప్పాడు. ఇవాళ ఏం వారమంటే తేదీతో సహా చెప్పాడు. ఆవిడ కలం కదులుతోంది. హెడ్మాస్టరుగారి నవ్వు మొహం గుర్తొచ్చింది. ఈ వయసులో బడి పోతే వాడు ఇంక నాలుగు గోడల మధ్యే ఉంటాడనిపించింది. సంచిలో చెయ్యి పెట్టి నొక్కాను.

వాడు మొదట నా మొహంలోకి చూశాడు. నేను లెక్కపెడతానని ఎదురుచూశాడు. నేను తల తిప్పుకున్నాను. అప్పుడు వాడే మొదలుపెట్టాడు, "ఒకటి, రెండు, మూడు" అని. కూత ఆగలేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. కుర్చీతో సహా వెనక్కి పడి, నేల మీద దొర్లుతూ, మణికట్టు కొరుక్కుంటూ కూడా లెక్కపెడుతూనే ఉన్నాడు. నా కడుపున పుట్టిన పాపానికి నా చేతే పడ్డాడు బిడ్డ.

"ఇక ఆపండమ్మా ఫోను" అంది డాక్టరమ్మ. కోప్పడలేదు. ఏదో రాసి, ముద్ర కొట్టి కాగితం నా ముందుకు తోసింది. అరవై ఐదు. "మొదటిసారే ఇలా చేసుంటే రెండోసారి తిరిగే పని తప్పేది కదా. అందరూ చేసేదే." తర్వాతివాళ్లను పిలవమని బంట్రోతుకు చెప్పింది.

నెల తిరిగేసరికి కొత్త తోడు టీచరును ఇచ్చారు. చిన్నపిల్ల, ఓపికస్తురాలు. బడికి తీసుకెళ్లే ముందు వాడి అలవాట్లు తెలుసుకుంటానని ఇంటికి వచ్చింది. వాడి చొక్కా పాకెట్లోంచి పడిన పెన్సిలు తీసిస్తే ఆమె చేతిలోంచి చక్కగా తీసుకున్నాడు. ఆమె పక్కనే కూర్చున్నాడు.

నేను మంచినీళ్లు తీసుకుని గదిలోకి వచ్చాను. నన్ను చూడగానే వాడు రెండు చెవులూ మూసుకుని గోడ మూలకు జరిగిపోయాడు. గ్లాసు పెట్టి నేను వెళ్లేదాకా అలాగే ఉంటాడు. భోజనానికి పిలిచినా అంతే, దుప్పటి కప్పబోయినా అంతే. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ ఇదే.

ఆ అమ్మాయి నోటుపుస్తకం తెరిచింది. "మీరు దగ్గరికొస్తే చెవులు మూసుకుంటున్నాడేంటి ఆంటీ? ఇది ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా" అన్నాను.

ఆమె రాసుకుంది.