చాయ్ పొయ్యని సక్రు

మిర్యాలగూడ మిల్లులో ఇరవై మూడేళ్ళు బస్తాలు మోసిన సక్రు, ఆ ఇరవై మూడేళ్ళలో ఒక్కనాడు కూడా ఎవరికీ చాయ్ పోయించలేదు. అలాగని పిసినారి కాడు. బీడీ అడిగితే కట్ట చేతిలో పెట్టే రకం. కానీ అతను పనిచేసే నాగయ్య హమాలీ ముఠాలో చాయ్‌కి ఒక చట్టం ఉంది. బస్తా కింద ఉన్నప్పుడు మూలిగినవాడు ఆ పూట ముఠాలోని పదకొండు మందికీ చాయ్ పోయించాలి. 'అబ్బా' అన్నా చాయే, 'అమ్మా' అన్నా చాయే, 'యా అల్లా' అన్నా చాయే, తండా నుంచి వచ్చిన సక్రు తన భాషలో 'యాడీ' అని తల్లిని తలుచుకున్నా చాయే. ఏ భాషలో ఏడ్చినా చాయ్ రుచి ఒక్కటే.

ముఠా పెద్ద నాగయ్య దీనికి కారణం కూడా చెప్పేవాడు.

"ఒక్కడు మూలిగిండంటే కడమ పది నడుములు ఇంటయి రా. ఇన్నంక అవి ఊకుంటయా? పైంగ గాడ గుమస్తా చెవులు నిక్కబొడ్సుకోని కూసుంటడు. ఇయ్యాల మూలిగినోని పేరు రేపు పిలువడు."

మూలిగినవాడు మూలకే. సక్రు మూలగలేదు, మూలకు పోలేదు. బరువు మెడ మీద పడగానే నోరు మూసి, పళ్ళు బిగించి, పెదాలు కొంచెం పక్కలకు సాగదీసేవాడు. చూసేవాళ్ళకది నవ్వులా ఉండేది. "సూడుండ్రి రా, బస్తాను జూసి పెండ్లికొడుకు లెక్క నవ్వుతుండు" అనేవాళ్ళు. అలా మిల్లులో అతనికి 'చాయ్ పొయ్యని సక్రు' అనే పేరు స్థిరపడింది. బరువు మోసినందుకు వచ్చిన బిరుదు. దాన్ని కూడా బస్తాతోపాటే మోసేవాడు.

కిందటి వేసవిలో నడుము ఇక నడవనంది. గరిడేపల్లి పక్కన తండా నుంచి భార్య భూలి అతన్ని కోదాడ తీసుకుపోయి స్కానింగ్ చేయించింది. వెన్నుపూసలంటే దండలో పూసల్లా వరసగా ఉంటాయని సక్రు అనుకునేవాడు. దండ సంగతి తెలియలేదు గానీ దండన సంగతి ఆ రోజే తెలిసింది.

"ఇదిగో చూడండి, ఈ రెండు పూసల మధ్య డిస్కు బయటికొచ్చి నరాన్ని నొక్కేస్తోంది" అన్నాడు అక్కడి డాక్టరు, ఫిల్మును వెలుతురుకు పట్టి. "ఇంకో సీజను బస్తాలెత్తారంటే ఈ కాలు మీ మాట వినదండీ."

"ఇప్పుడు గూడ ఇంటలేదు సార్" అంది భూలి. "ఈయన నోరు, ఈయన కాలు, రెండూ నా మాట ఇనయి."

నోరు విననిది నిజమే. కూర్చుంటే ఎడమ పిర్రలో మొదలై పిక్క దాకా, ఎర్రగా కాల్చిన తీగను లోపలినుంచి ఎవరో గుంజుతున్నట్టుండేది. అయినా కిక్కురుమనేవాడు కాదు. పొద్దున లేవాలంటే మంచం పట్టె పట్టుకోవాలి, గోడ పట్టుకోవాలి, ఆపైన భూలి భుజం పట్టుకోవాలి. పట్టుకోవడానికేమీ దొరకని చోట నొప్పే అతన్ని పట్టుకునేది. గోళీ వేసుకుంటే ఓ గంట వదిలేది. మళ్ళీ వచ్చేది, వదిలేసిన చెప్పులు వెతుక్కుంటూ వచ్చినట్టు.

గరిడేపల్లిలో మీసేవ నడిపే మహిపాల్ దారి చెప్పాడు.

"సూర్యాపేటల సదరం క్యాంపు ఉంటది సక్రన్నా. డాక్టర్లు సూసి వైకల్యం ఎంతున్నదో శాతం ఏస్తరు. నలభై పడితే పింఛను. ముప్పై తొమ్మిది పడినా కాగితమే గాని పింఛను రాదు."

నాగయ్య కూడా ఫోన్ చేసి ఒక మాట ఇచ్చాడు. "వానకాలం వడ్లు దిగే దాక నీ జాగ వట్టిగ పెడ్త. గప్పటికి సర్టిఫికెట్ వచ్చెనా, ఇంట్ల పండుకో. రాలేదా, బస్తా కిందికి రావాలె. ఆ తర్వాత మిల్లు సేటు ఊకోడు."

అంటే సంగతి సూటిగా ఇంతే: నలభై వస్తే నడుము మిగులుతుంది. రాకపోతే కోదాడ డాక్టరు చెప్పిన ఆ ఇంకో సీజను మొదలవుతుంది. కోదాడ హాస్టల్లో ఇంటర్ చదివే కూతురు సుధను ఇంటికి పిలిపించి నాట్లకు పంపడం సక్రుకు ప్రాణం పోయినా ఇష్టం లేదు.

క్యాంపుకు సక్రు గడ్డం గీయించుకుని, పెళ్ళిళ్ళకు తొడిగే తెల్ల చొక్కా తొడుక్కుని పోయాడు. పెద్ద సార్ల ముందుకు మాసిన బట్టతో పోకూడదు కదా. డాక్టరు గది బయటే చెప్పులు విప్పాడు. డాక్టరు కుర్రవాడు. బల్ల మీద పడుకోబెట్టి ఎడమకాలు మెల్లగా పైకెత్తాడు. తీగ భగ్గుమంది. సక్రు నోరు మూసి, పళ్ళు బిగించి, పెదాలు సాగదీశాడు.

"నొప్పి ఉందా?"

"జరంత సార్."

డాక్టరు అతని ముఖం చూశాడు, చొక్కా చూశాడు, బయట పొడుగాటి వరస చూశాడు. ముప్పై శాతం రాశాడు. నొప్పి ఉంది, కానీ ఒప్పి చెప్పలేదు. చెప్పని నొప్పికి డాక్టరు ఒప్పడు. అక్కడ తప్పు ఎవరిదంటే చెప్పడం కష్టం.

ముప్పై అనే ముక్క వినగానే భూలి ఇల్లు పీకి పందిరేసింది.

"నవ్వినవా? డాక్టర్ కాలు లేపితే నవ్వినవా?"

"నవ్వలే భూలీ. మొఖం గట్లయింది."

"నీకు నొస్తుందని నాకెట్ల తెలుస్తదో ఎరుకేనా? నువ్వు నవ్వినప్పుడల్లా తెలుస్తది. నీ నవ్వు సంగతి గా డాక్టర్‌కు ఎవలు చెప్పాలె? నేను పోయి చెప్పాల్నా?"

మహిపాల్ అప్పీలు రాసిచ్చాడు. "సదరు దరఖాస్తుదారుడు సదరం శిబిరమునందు" అని మొదలైన ఆ కాగితంలో సక్రు ఎక్కడున్నాడో సక్రుకే దొరకలేదు. చివర వేలిముద్ర దగ్గర మాత్రం తనే ఉన్నాడు. దసరా ముందు రమ్మని ఫోనుకు మెసేజ్ వచ్చింది.

ఆ ఆదివారం నాగయ్య మిర్యాలగూడ నుంచి బండి మీద తండాకు దిగాడు. నులక మంచం మీద సక్రును బోర్లా పడుకోబెట్టి, మోకాలితో నడుము మీద ఒత్తాడు.

"అను."

"ఏమనాలె నాగన్నా?"

"అబ్బా అను. ఇరవై మూడేండ్లు నోరు మూసుకొమ్మన్నది నేనే. ఇప్పుడు తెరువుమంటున్నది నేనే. ఒర్రు రా సక్రుగా."

సక్రు పెదాలు సాగాయి. చెమట పట్టింది. గొంతులోంచి గాలి తప్ప ఏదీ రాలేదు.

"అగో, మళ్ళ నవ్వుతుండు!" భూలి చీపురు పడేసి వచ్చింది. "ఇట్ల సూడు సుధ నాయినా. సుధను కన్నప్పుడు నేనెట్ల ఒర్రిన్నో నీకు యాదికి లేదా?" అని ఒక్క కేక పెట్టింది. పక్కింట్లోంచి ముసలి అచ్చమ్మ కర్ర పట్టుకుని పరుగున వచ్చి, ఎవరికి నొప్పులంటూ మంత్రసానిలా చేతులు కడుక్కోబోయింది. సంగతి విని కూలబడి నవ్వింది. సక్రు కూడా నవ్వాడు. ఈసారి నిజంగా నవ్వాడు. నవ్వుకు నడుము కదిలి మళ్ళీ పెదాలు సాగాయి. ఏది ఏ నవ్వో భూలికి తప్ప తెలియలేదు.

మూడు ఆదివారాలు గడిచాయి. బస్తా మోయడం నేర్చుకోవడానికి సక్రుకు ఒక్క పూట పట్టింది. బాధ చెప్పుకోవడం నేర్చుకోవడానికి నెల పట్టేట్టుంది. చివరికి నాగయ్యే ఒక ఉపాయం కనిపెట్టాడు.

"నొప్పి లేసినంక ఒర్రుదామనుకుంటే నీ నోరు మూతపడ్తుంది. నొప్పి కంటె ముందే సురువు చెయ్. డాక్టర్ 'పండుకో' అన్నడో లేదో, 'అబ్బా' అను. నోరు తెరుసుకుంటే గదే నడుస్తది, మోటరు లెక్క."

ఆ కిటుకు పనిచేసింది. నాగయ్య "పండుకో" అంటే సక్రు "అబ్బా" అనేవాడు. భూలి చాప పరిచి "పండుకో" అన్నా "అబ్బా" అనేవాడు. ముఠా పెద్ద మురిసిపోయాడు.

అప్పీలు రోజున సక్రుకు మాసిన చొక్కా తొడిగింది భూలి. సూర్యాపేట బస్సులో సీటు దొరికినా సక్రు కూర్చోలేక రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి గదిలో ముగ్గురు డాక్టర్లున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, పాత కాగితం తిరగేసి, ఎదురుగా ఉన్న బల్ల చూపించింది.

"పండుకో."

"అబ్బా!" అన్నాడు సక్రు.

కిటికీ మీద పావురం లేచిపోయింది. ఆమె ఇంకా కుర్చీలోనే ఉంది. ఆమెకూ సక్రుకూ మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు గజాల నేల ఉన్నాయి.

"నేనింక ముట్టలేదయ్యా" అంది ఆమె.

పక్కనున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన దగ్గినట్టు నవ్వాడు. సక్రు చెవులు వేడెక్కాయి. జన్మలో మొదటిసారి పరాయివాళ్ళ ముందు మూలిగాడు, అది కూడా దొంగ మూలుగు. తెరిచిన నోరు సిగ్గుతో మూసుకుంది. మోటరు ఆగిపోయింది.

ఆమె లేచి వచ్చి, అతన్ని పడుకోబెట్టి, ఎడమకాలు పట్టుకుని ఎత్తింది. తీగ పిక్క దాకా కాదు, మడమ దాకా మండింది. ఊపిరి ఎక్కడో ఆగింది. అనాలి అనుకున్నాడు. అబ్బా. అమ్మా. ఏదో ఒకటి. కణతల మీదినుంచి చెమట చెవుల్లోకి దిగింది. పళ్ళు బిగుసుకున్నాయి. పెదాలు సాగాయి.

"ఇప్పుడు నొస్తలేదా?"

తలుపు దగ్గర నిలబడ్డ భూలి ఆగలేకపోయింది. "అమ్మా, ఆయన నవ్వుతుండంటే నొస్తున్నట్టే! జర ఆయన మొఖం సూడమ్మా!"

అటెండరు ఆమెను బయటికి జరిపాడు. పెద్దావిడ నిజంగానే అతని ముఖంలోకి కాసేపు చూసింది. సుత్తితో మోకాలు తట్టింది, నడిపించింది, వంచింది, ఫిల్ము వెలుతురుకు పెట్టింది.

"ఫిల్ముల కనవడుతుంది, అబద్ధం గాదు" అంది, సక్రుతో కాక ఫిల్ముతో మాట్లాడుతున్నట్టు. "కానీ నేను కొలవగలిగేది వంగుడు, నడుసుడు, కాలి బలం. ముట్టకముందు ఒర్రినవ్, ముట్టినంక నవ్వినవ్. నీ నొప్పిని నేనెక్కడ పట్టుకోవాలె చెప్పు?"

సక్రు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది.

పన్నెండో రోజున మహిపాల్ కంప్యూటరులో చూసి చెప్పాడు. ముప్పై ఆరు.

"ఆరు పెరిగినయ్ సక్రన్నా" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆరు పెరిగింది, ఆశ ఆరింది. భూలి కొంగు నోట్లో కుక్కుకుంది. ఈమధ్య ఆ ఇంట్లో మూలుగు నేర్పింది ఆమె, ఇప్పుడు దిగమింగుతున్నదీ ఆమె.

"ఇంక అడిగేతందుకు లేదా?" సక్రు అడిగాడు.

"అప్పీలు ఖతం. పానం ఇంకింత కరాబైతే మళ్ళ కొత్తగ స్లాటు పెట్టుకోవచ్చు."

"ఎంత కరాబు గావాలె?"

మహిపాల్ తెర వైపే చూస్తూ, "నాలుగు" అన్నాడు.

నాలుగు శాతం ఎక్కడ దొరుకుతుందో సక్రుకు తెలుసు. ఆ చోటు మిర్యాలగూడలో ఉంది, అందులో తన జాగా ఇంకా ఖాళీగా ఉంది.

వానాకాలం వడ్లు దిగాయి. మిల్లు ముందు లారీలు రోడ్డు మలుపు దాకా నిలిచాయి. భూలి వద్దంది, తిట్టింది, రెండు పూటలు అన్నం తినలేదు. సక్రు తెల్లారి బస్సెక్కాడు. ముఠావాళ్ళు వరసలో జరిగి చోటిచ్చారు. నాగయ్య మాత్రం ఎప్పుడూ లేనిది, బస్తాను తనే లేపి పసిపిల్లను ఎత్తి ఇచ్చినట్టు సక్రు మెడ మీద పెట్టాడు.

"పైలం రా" అన్నాడు.

ఒక అడుగు పడింది. రెండోది పడింది. మూడో అడుగుకు ఎడమకాలు లేదు. ఉన్నచోట నిప్పు ఉంది. పళ్ళు బిగించబోతే పళ్ళు కలవలేదు.

"యాడీ!"

సూర్యాపేట గదిలో అరిచిన అరుపులా లేదది. బావిలో పడిన దూడ అరిచినట్టుంది. పది మంది ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. కుర్చీలో గుమస్తా తలెత్తాడు.

"ఎవలు మూలగలే సార్" అన్నాడు నాగయ్య గబగబా. "లారీ హారన్ అది."

సక్రు బస్తాను కింద పడేయలేదు. కాలు ఈడ్చుకుంటూ పోయి వరసలో దాని చోట దాన్ని ఆనించి, గోడ పట్టుకున్నాడు.

"హారన్ గాదు నాగన్నా. నేనే" అన్నాడు.

గోడ వెంబడే గేటు దాకా నడిచి, బయట చాయ్ బండివాడికి వేళ్ళు చూపించాడు. "పన్నెండు. గుమస్తా సారుకు గూడ."

అందరూ గ్లాసులు అందుకున్నారు. 'చాయ్ పొయ్యని సక్రు పోసిండు రో' అని ఎవరో ఒకరు అనాలి, ఎవరూ అనలేదు. నాగయ్య చాయ్ మాత్రం చేతిలోని గ్లాసులోనే ఉండి మీగడ కట్టింది. సక్రు తన చాయ్ నిలబడే తాగాడు. ఇరవై మూడేళ్ళు వాళ్ళు వీళ్ళు పోయించగా తాగిన చాయే, వేరే రుచేమీ లేదు.

గుమస్తా చివరి గుక్క తాగి, ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, రేపటి పేర్ల కాగితం దగ్గరికి లాక్కున్నాడు.