ఐదుగురికే ఇల్లు

ఓవెన్ తలుపుకు అద్దాలు రెండుంటాయని, ఆ రెండింటి మధ్యకు దిగిన జిడ్డును కూడా అద్దె ఇంటి ఏజెంటు వంగి చూస్తాడని తెలేసియాకు మూడో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తెలిసింది. సొంత దీవి వదిలి ఈ దేశానికొచ్చాక ఇది ఆరోది. అందుకే ఈసారి ముందే స్క్రూలు విప్పి, అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని వంటింటి నేల మీద కూర్చుంది. రేపు సాయంత్రం ఐదింటికి తాళాలు ఇచ్చెయ్యాలి. "ఇంకా ఓవెన్ దగ్గరే ఉన్నావా? గోడలెప్పుడు తుడుస్తావ్?" అని హాల్లోంచి మొగుడు విలియాము కేకేశాడు. తుడవడం అనేది తను కూడా చెయ్యగల పనేమోనన్న అనుమానం ఆ మనిషికి పద్దెనిమిదేళ్లుగా రాలేదు.

బాత్రూం టైలు మీది పగులు పాతదేనని చూపించాలంటే, ఇంట్లో చేరిన రోజు రాసిన రిపోర్టు కావాలి. దానికోసం కాగితాల ఫైలు తెరిస్తే పైనే కొత్త ఇంటి దరఖాస్తు నకలు కనిపించింది. మార్స్‌డెన్‌లో మూడు పడగ్గదుల ఇల్లు. దాదాపు మనకొచ్చేసినట్టే అని మొన్న ఆదివారం చర్చిలో పదిమందికి చెప్పుకున్నాడు విలియాము. ఐదుగురికి మించి ఉండకూడదని యజమాని షరతు. పేర్లన్నీ విలియాము గుండ్రటి అక్షరాల్లో రాశాడు. తను, వాళ్ళమ్మ సలోమె, తమ్ముడు ఫిలిపో, కూతురు లుపె, కొడుకు ఎలియా. తెలేసియా వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. కాగితం తిప్పితే వెనక పక్క అడుగున తన పేరు దొరికింది. ఆపద వస్తే ఫోన్ చేయవలసిన మనిషి: తెలేసియా. బంధుత్వం: భార్య. తన పేరు కనబడగానే ముందు హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు ఆ రోజంతా సిగ్గుపడుతూనే ఉంది.

"నా పేరేది?" అని అడిగింది హాల్లోకి వచ్చి.

సోఫా కాళ్ళు విప్పుతున్న విలియాము తలెత్తాడు. "ఓ, అదా! చెబుదామనే అనుకున్నా. ఐదుగురే అన్నారు కదా, మనం ఆరుగురం. ఎవర్నో ఒకర్ని తియ్యాలి."

"నన్ను తీశావు."

"తియ్యడమేంటే! ఇంట్లో ఉంటావుగా. కాగితం మీద లేవంతే. నువ్వే ఆలోచించు. ఫిలిపో జీతం చీటీ చూపించకపోతే మనకి ఇల్లెవడిస్తాడు? పిల్లల పేర్లు లేకపోతే అక్కడి బళ్ళో చేర్చుకోరు. అమ్మ నడవలేదు, ఏజెంటు ఇల్లు చూసుకోడానికొచ్చే ఇన్‌స్పెక్షన్ రోజున ఆవిణ్ణి ఎక్కడికని పంపిస్తాం? నువ్వైతే కాసేపలా పార్కుకి పోయొస్తావు. మూణ్ణెల్లకోసారి ఒక్క గంట. దానికింత మొహం మాడ్చుకోవాలా?"

"నాకూ జీతం చీటీ ఉండేది."

"ఉండేది. ఇప్పుడు లేదుగా" అన్నాడు, చాలా మెత్తగా.

అరిచి ఉంటే తిరిగి అరిచేది. తాగి వాగి ఉంటే మర్నాడు మర్చిపోయేది. అతను చెప్పినదాంట్లో మాత్రం ఒక్క తప్పు కూడా లేదు. వృద్ధాశ్రమం లాండ్రీలో తొమ్మిదేళ్లు దుప్పట్లు మడతపెట్టింది. అక్కడి సూపర్‌వైజరు ఆమె పేరు పలకలేక తెరెసా అని పిలిచేవాడు, ఆమె పలికేది. అత్తగారు మెట్ల మీంచి పడి తుంటి విరిగినప్పుడు, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి అన్నారందరూ. ఈ ఇంట్లో 'ఎవరో ఒకరు' అంటే ఎవరో ఎవరూ అడగనక్కర్లేదు. అలా ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు గనక ఇంట్లోనూ లేదు. ఒక్కొక్క మెట్టూ న్యాయంగానే కట్టుకుంటూ వచ్చి, చివరికి ఆమెను గుమ్మం బయట నిలబెట్టారు.

అసలు మనుషుల్ని దాచే విద్య ఈ కుటుంబానికి నేర్పిందే తెలేసియా. ఈ ఇంటి కాగితాల్లో ఫిలిపో లేడు. ఇన్‌స్పెక్షన్ ఉందని చీటీ రాగానే అతని పరుపు గరాజులో ఇస్త్రీబల్ల వెనక్కి వెళ్ళేది. టూత్‌బ్రష్ బియ్యం డబ్బాలోకి, బూట్లు కారు డిక్కీలోకి. గుమ్మం దగ్గర చెప్పుల జతలు ఎన్నుండాలో అన్నే ఉంచేది, ఏజెంట్ల కళ్ళు ముందు అక్కడికే పోతాయి గనక. డబ్బా మాంసంతో రెండు శాండ్‌విచ్‌లు కట్టిచ్చి, "పోయిరా నాయనా, ఫోన్ చేసేదాకా రాకు" అని మరిదిని పంపేసేది. వాడు నవ్వుతూ "పోలీసు ఉద్యోగం చెయ్యాల్సింది వదినా నువ్వు" అనేవాడు. ఇప్పుడు గోడ తుడుస్తూ తన సంగతి లెక్క వేసుకుంది. ఒక దువ్వెన, ఒక టూత్‌బ్రష్, ఒక జత చెప్పులు, చర్చికి కట్టుకునే తెల్ల బట్టలు రెండు జతలు. పరుపు దాచక్కర్లేదు, అది మొగుడి పరుపు. ఫిలిపోను దాచడానికి అరగంట పట్టేది. తనను దాచడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఆ లెక్క తేలాక, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

మంచం మీంచి అత్తగారు చూడనే చూసింది. "ఏడుస్తున్నావా ఏంటి?"

"లేదత్తయ్యా."

"మా ఆయన వాళ్ళింటికి నేను నోఫోతానెగా వెళ్ళినప్పుడు, అందరూ తిన్నాకే వంటపాకలో కూచుని తినేదాన్ని. నోఫోతానె అంటే మొగుడింట కాపురముండే కోడలు, అంతే! నా పేరెవడైనా ఏ కాగితం మీదైనా రాశాడా? చచ్చానా? ఒక ముక్క కాగితానికి ఇంత రాద్ధాంతం. పెళ్ళికీ చావుకీ పెట్టాల్సిన చాపలవి, జాగ్రత్తగా చుట్టు, అంచులు విరిగితే ఊళ్ళో నా పరువు పోతుంది."

తెలేసియా చాపలు చుట్టింది. సలోమె పేరు కాగితం మీదికి ఎక్కడానికి ఆవిడ తుంటి విరగాల్సి వచ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు.

గాజుగ్లాసులు న్యూసుపేపర్లో చుడుతున్న లుపెకు పదమూడేళ్లు. అన్నీ వింటూనే ఉంది. చివరికి గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, ఇన్‌స్పెక్షన్ రోజున వానొస్తే ఎక్కడ కూచుంటావ్?"

"చూద్దాంలే, అమ్మడూ."

"బస్‌స్టాపులో కూచో. పైన రేకుంటుంది." అని మళ్ళీ గ్లాసుల్లో పడింది.

పిల్లకు తల్లి మీద ప్రాణం, అందులో సందేహం లేదు. వాన గురించి అడిగింది. ఎందుకు వెళ్ళాలి అని మాత్రం అడగలేదు. మొగుడి మాటను, అత్త మాటను తట్టుకున్న మనిషి, దీన్ని తట్టుకోలేక స్నానాలగదిలోకి పోయి తలుపేసుకుంది. అక్కడ కూడా చేతిలో బ్రష్ ఉండటంతో టైళ్ళ సందులు తోముతూ ఏడ్చింది.

మూడింటికి అన్నదమ్ములిద్దరూ మొదటి విడత సామాను వ్యానుకెత్తి చర్చి గోదాములో పడేయడానికి వెళ్ళారు. అప్పుడు మోగింది ఫోను.

"తెలేసియానేనా? నేను కెర్రీనండి, మార్స్‌డెన్ ఇంటి ఏజెంటుని. ఆపదలో పిలవడానికి మీ పేరిచ్చారు. ఆ ఇంట్లో ఉండనివాళ్ళ పేరు ఇవ్వాలండీ అక్కడ. మరి చూస్తే భార్య అనుంది. మీరూ అక్కడే ఉంటారా? ఉంటే ఆరుగురవుతారు, యజమాని ఒప్పుకోడు. ఇంకో కుటుంబం కాచుకుని కూర్చుంది, అందుకే అడుగుతున్నా."

తొందరపాటులో విలియాము చేసిన తప్పు అది. పెళ్ళాం పేరు రాయడానికి అతనికి దొరికిన ఒకే ఒక్క ఖాళీ కూడా ఆమెది కాదు. ఉంటాను అని ఒక్క మాటంటే చాలు, ఇల్లు పోతుంది. రేపు సాయంత్రం పిల్లలిద్దరూ, నడవలేని ముసలామె, కట్టిన పెట్టెలూ వీధిలో. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక ఇల్లు ఆమె నోటిమాట మీద ఆగింది. ఆ నోటితో తన పేరు తనే కొట్టేసుకోవడం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు.

"లేదండీ. నేను ఆ ఇంట్లో ఉండను."

మొగుడూ పెళ్ళాలు విడిపోయారనుకుంది కెర్రీ. "అయ్యో, సారీ అండీ. నాకు తెలీదు." గొంతు మారిపోయింది. "ఏమీ అనుకోకండి, ఫారంలో రాయాలి. మరి మీరెక్కడ ఉంటారు?"

ఏదో ఒక అబద్ధం అడ్రసు చెప్పి పెట్టేద్దామని నోరు తెరిచింది. కానీ ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. నిజంగానే వెతకడం మొదలుపెట్టింది. ఇప్స్‌విచ్‌లో పెద్దమ్మ కూతురు గరాజు, లాండ్రీలో తనతో పనిచేసిన ఆవిడ ఇల్లు, చర్చి వెనక గది. ఏదీ ఖాయం కాదు, ఏదీ రమ్మని పిలవదు. వెతికినంతసేపూ ఆ మార్స్‌డెన్ ఇల్లు మాత్రం ఒక్కసారి కూడా మనసులోకి రాలేదు.

"ఇంకా చూసుకోవాలండీ."

"సరే. దొరికాక చెప్పండి" అంది కెర్రీ.

నాలుగున్నరకు వ్యాను తిరిగొచ్చింది. ఆగకముందే విలియాము దూకాడు, ఫోను గాల్లో ఊపుతూ. "వచ్చేసింది! ఇల్లు మనదే!" సలోమె మంచం మీదే కీర్తన ఎత్తుకుంది. పిల్లలు ఖాళీ హాల్లో గంతులేశారు. విలియాము తడిచేతులతో ఉన్న పెళ్ళాన్ని పట్టుకుని గిరగిరా తిప్పాడు.

"నీకు ఫోన్ చేసిందటగా! చచ్చాంరా అనుకున్నా. ఏం చెప్పావే?"

"నేను ఆ ఇంట్లో ఉండనని చెప్పాను."

"అదీ! ఇంత బాగా అబద్ధమాడతావని ఇన్నాళ్ళూ తెలీనేలేదు నాకు!"

"అబద్ధం కాదు, విలియామూ" అంది తెలేసియా. "నేను రావడం లేదు."