కంప్యూటర్ వేసిన షిఫ్టు

బట్టల మిల్లులో షిఫ్టులు వేయడానికి కంప్యూటర్ వచ్చిన వారమే మొగిలమ్మకూ, మొగుడు పోశయ్యకూ ఒకే షిఫ్టు పడింది. పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఒకరు ఇంట్లో ఉంటే ఒకరు మిల్లులో. గేటు దగ్గర ఇంటి తాళంచెవి చేతులు మారడమే వాళ్ల కాపురం. పిల్లలు పెద్దవాళ్లయినా ఆ అలవాటు పోలేదు.

షిఫ్టు దిగగానే ఆమె టైంకీపర్ నర్సింగం మీద అంతెత్తున లేచింది. "ఇదేం పద్ధతన్నా? ఇద్దరం ఈడుంటే ఇల్లెవరు చూడాలె?"

"మిషిన్ తప్పు చెల్లె. ఇప్పుడే మారుస్త."

అంతలో కిటికీలోంచి పోశయ్య కనిపించాడు. ఆమె కూర్చోవడానికి సైకిల్ క్యారియర్ మీద తువ్వాల మడిచి వేస్తున్నాడు.

"ఉండనియ్యన్నా," అంది మొగిలమ్మ. "కొత్త మిషిన్. అప్పుడే తప్పు పడితే చిన్నబోతది."